పాత ల్యాప్‌టాప్‌కు కొత్త విండోస్ గానీ లైనక్స్ గానీ ఎలా ఎక్కించాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు మాత్రం భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఉన్నాయి. విండోస్ 7 సంగతి 2020 జనవరిలోనే తేలిపోయింది. అయినా పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌లు నల్లగొండలో, పాలమూరులో జిరాక్స్ షాపుల బల్లల మీద, డిగ్రీ పిల్లల బ్యాగుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. "ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేయి" అని ఎవరికో ఇస్తే సాయంత్రానికి మిషన్ తిరిగొస్తుంది. కానీ వైఫై ఉండదు, బ్రైట్‌నెస్ తగ్గదు, సౌండ్ రాదు. తప్పు కొత్త విండోస్‌ది కాదు. పాతది చెరిపేముందు చేయాల్సిన పని ఎవరూ చేయకపోవడమే అసలు చిక్కు. అందుకే ఇక్కడ ఆ ముందు పని గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఏది ఎక్కించాలో ముందు తేల్చుకోండి

ప్రాసెసర్ పేరులోనే సగం జవాబు ఉంటుంది. ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7 పక్కన నాలుగు అంకెలుంటే, పాత మిషన్లలో మొదటి అంకె తరం. ఐ5-3210 మూడో తరం, ఐ5-8250 ఎనిమిదో తరం. మూడే అంకెలుంటే, ఐ5-520 లాంటిది, మొదటి తరం. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది ఎనిమిదో తరం నుంచి. దాంతోపాటు టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు అడుగుతుంది.

రెండు నుంచి ఏడో తరం వరకు ఉన్న మిషన్ల మీద విండోస్ 11ను పక్కదారిలో (కింద రూఫస్ దగ్గర చెప్పాం) ఎక్కించవచ్చు, నడుస్తుంది కూడా. కాకపోతే అధికారిక మద్దతు ఉండదు. నెలనెలా వచ్చే అప్‌డేట్లు సాధారణంగా దిగుతాయి గానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ తనంతట తాను రాదు. దాన్ని మళ్లీ పెన్‌డ్రైవ్‌తో మీరే ఎక్కించాలి. కోర్ 2 డుయో మీద అయితే ఆశ వదులుకోండి. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కు కావాల్సిన కొన్ని ఆదేశాలు ఆ చిప్‌లో అసలు లేవు, కాబట్టి బూట్ కూడా కాదు. అలాంటి మిషన్‌కు లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ (ఉచితంగా దొరికే లైనక్స్‌లో తేలికైన రకం) సరిపోతుంది. మింట్ 22 శ్రేణికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి.

మిషన్ ఎంత పాతదన్నది ఒక లెక్కయితే, దాని మీద ఏం పని చేస్తారన్నది ఇంకో లెక్క. ఆన్‌లైన్ సెంటర్ నడుపుతూ ఆధార్ వేలిముద్ర పరికరం వాడేవాళ్లు విండోస్ మీదే ఉండాలి. ఆ పరికరాలను నడిపే ఆర్‌డీ సర్వీస్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లలో ఎక్కువగా విండోస్‌ను చూసుకునే తయారవుతుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లదీ అదే దారి. ఇక చదువు, యూట్యూబ్, ఉత్తరాలు, లెక్కల షీట్లు అంటారా, 4 జీబీ ర్యామ్ ఉన్న మిషన్‌కు విండోస్ 11 కంటే మింటే సుఖం. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

చెరిపేముందు రాసుకోవాల్సినవి

పాత విండోస్ ఇంకా తెరుచుకుంటుంటే అదొక నిధి. ముందుగా స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు ఉంటుంది. దాని మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్. వచ్చిన పొడవాటి వరుసలో వెండర్ నంబర్, డివైస్ నంబర్ అని రెండు నాలుగక్షరాల ముక్కలుంటాయి. మొదటిది కంపెనీది: 8086 అయితే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 168సీ అయితే అథెరాస్. రెండోది మోడల్‌ది. వైఫై, డిస్‌ప్లే, సౌండ్, బ్లూటూత్, ఈ నాలుగింటివి ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ల్యాప్‌టాప్ పెట్టె మీద రాసిన పేరు ఎప్పుడూ సరిపోదు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల వైఫై కార్డులు వేసి అమ్మిన కంపెనీలున్నాయి.

తర్వాత పాత డ్రైవర్లను, అంటే ఒక్కో భాగాన్ని విండోస్ నడిపేందుకు కావాల్సిన సాఫ్ట్‌వేర్‌ను, కాపీ చేసుకోండి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్‌స్టోర్, అందులో ఫైల్‌రిపాజిటరీ అనే ఫోల్డర్ ఉంటుంది. మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగేయండి. కొన్ని జీబీలు ఉంటుంది, ఓపిక పట్టాలి. పాత విండోస్ 64 బిట్‌ది అయితేనే ఇది అక్కరకొస్తుంది. 32 బిట్ డ్రైవర్‌ను 64 బిట్ విండోస్ ముట్టుకోదు.

లైసెన్స్ సంగతి కూడా ఇప్పుడే చూడాలి. విండోస్ 8 నుంచి కంపెనీ ల్యాప్‌టాప్‌ల్లో కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, విండోస్ 7ది అడుగున స్టిక్కర్ మీద. విండోస్ 10 యాక్టివేట్ అయి ఉన్న మిషన్ మీద అదే ఎడిషన్ విండోస్ 11 వేస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్ ఉన్నచోట ప్రో వేశారంటే కాదు. విండోస్ 7, 8 కీలతో కొత్త విండోస్‌ను యాక్టివేట్ చేసుకునే దారిని మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబర్‌లో మూసేసింది.

ఫొటోలు, సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్లు వేరే డిస్కులోకి తీసుకోమని చెప్పనక్కర్లేదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని మాత్రం చాలామంది మరిచిపోతారు.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్

తిరిగే హార్డ్‌డిస్కు మీద కొత్త విండోస్ వేయడం దండగ పని. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటుంది. 2.5 అంగుళాల సాటా (డిస్కును కలిపే కనెక్టర్ రకం) ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్కు, 240 లేదా 256 జీబీ, చాలు. పాత మిషన్‌లో ఉండేది సాటా 2 అయినా ఫరవాలేదు, వేగం సగానికి తగ్గినా చిన్న చిన్న ఫైళ్లు వెతికే తీరులో తేడా కళ్లకు కడుతుంది. ఎస్‌ఎస్‌డీ మందం 7 మిల్లీమీటర్లు. పాత డిస్కు 9.5 మిల్లీమీటర్లదయితే ఆ సందులో ఎస్‌ఎస్‌డీ కదలకుండా ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి, కదిలితే కనెక్టర్ వదులవుతుంది.

ర్యామ్‌లో ఎక్కువ తప్పులు జరుగుతాయి. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ రెండూ 204 పిన్నులే, గాడి కూడా ఒకేచోట, కాబట్టి చేతితో పెడితే రెండూ దిగుతాయి. కానీ మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులది. నాలుగు, ఐదు తరాల ల్యాప్‌టాప్‌లకు ఎల్ రకమే కావాలి. మామూలు డీడీఆర్3 వేస్తే స్క్రీన్ నల్లగానే ఉండిపోవచ్చు, లేదా బీప్‌లు కొట్టవచ్చు. పాత చిప్ మీది స్టిక్కర్‌ను ఫొటో తీసుకుని అలాంటిదే అడగండి. ఊళ్లో దొరక్కపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన డీడీఆర్3ఎల్ చిప్‌లు కూడా అడగవచ్చు, అక్కడే పెట్టి చూపించమనండి.

విప్పేటప్పుడు చార్జర్ తీయాలి, బ్యాటరీ తీయాలి, ఆ తర్వాత పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టాలి. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. ర్యామ్ చిప్‌ను స్లాట్‌లోకి ఏటవాలుగా, బంగారు పళ్లు దాదాపు కనబడనంత లోపలికి తోసి, అప్పుడు కిందికి వంచాలి. రెండు వైపుల క్లిప్పులు టక్ మని పట్టుకోవాలి. ఒకవైపే పట్టిందంటే సరిగా దిగలేదన్నమాట.

ఎలాగూ విప్పారు కాబట్టి ఫ్యాన్ కూడా చూడండి. మన దుబ్బకు ఫ్యాన్, రాగి జాలీ మధ్య దూది పరుపులా పేరుకుపోతుంది. ఫ్యాన్‌ను వేలితో ఆపి బ్రష్‌తో తీయండి, గాలి కొట్టి గిరగిరా తిప్పొద్దు. పేస్ట్ ఎండిపోయి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్త థర్మల్ పేస్ట్ పెట్టాలి. మే నెలలో 43 డిగ్రీలు కాసేచోట ఇది చేయకపోతే ఎస్‌ఎస్‌డీ వేసినా మిషన్ నెమ్మదిస్తుంది. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తనే తగ్గించుకుంటుంది. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపలి బటన్ సెల్ అయిపోయినట్టే. సీఆర్2032 రకం చాలా మిషన్లకు సరిపోతుంది, కొన్నింటికి వైరుతో ఉన్నది కావాలి. తేదీ తప్పితే వెబ్‌సైట్లు తెరుచుకోవు, సర్టిఫికెట్ తప్పని చెబుతుంటాయి.

పెన్‌డ్రైవ్, బయోస్

ఇందుకు వేరే 16 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకోండి. విండోస్ ఐఎస్‌ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేసేందుకు కావాల్సిందంతా ఉన్న ఒకే ఫైలు) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దించుకోవాలి. 5 జీబీ దాటుతుంది, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో ఒక్క పూటలో అయ్యే పని కాదు. మింట్ అయితే 3 జీబీకి అటూఇటూ. దాన్ని టొరెంట్‌గా దించితే మధ్యలో నెట్ పోయినా ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది, ఫైలు సరిగ్గా ఉందో లేదో అదే సరిచూస్తుంది.

రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడు, 2012కు ముందు మిషన్ అయితే ఎక్కువసార్లు ఎంబీఆర్, బయోస్ (పాత బూట్ పద్ధతి) ఎంచుకోవాలి. తర్వాతివాటికి జీపీటీ, యూఈఎఫ్ఐ (కొత్త పద్ధతి). ఇక్కడ తప్పితే "ఈ డిస్కు మీద విండోస్ వేయడం కుదరదు" అని ఇన్‌స్టాలర్ మొండికేస్తుంది. స్టార్ట్ నొక్కగానే రూఫస్ ఒక పెట్టె చూపిస్తుంది. టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ షరతులు తీసేయాలా, ఆన్‌లైన్ ఖాతా తప్పనిసరిని తీసేయాలా అని అడుగుతుంది. రెండింటికీ టిక్ పెట్టండి. రెండోది మరిస్తే, వైఫై డ్రైవర్ లేని మిషన్ నెట్ అడిగే తెర దగ్గరే ఇరుక్కుపోతుంది.

బూట్ మెనూకు డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏసర్‌లోనూ ఎఫ్12యే, కాకపోతే ముందు ఎఫ్2తో బయోస్‌లోకి (మిషన్ మూల సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆ మెనూను ఆన్ చేయాల్సి రావచ్చు. బయోస్‌లో సాటా మోడ్ ఐడీఈ (డిస్కుతో మాట్లాడే పాత పద్ధతి) అని ఉంటే ఇప్పుడే ఏహెచ్‌సీఐకి మార్చండి. విండోస్ వేసిన తర్వాత మారిస్తే నీలం తెర వస్తుంది, బూట్ డిస్కు దొరకలేదంటుంది. బయోస్ అప్‌డేట్ జోలికి పోవాలంటే బ్యాటరీ బాగుండాలి, ఇన్వర్టర్ ఉండాలి. సగంలో కరెంటు పోతే ఆ బోర్డు లేవకపోవచ్చు. బ్యాటరీ చచ్చిన మిషన్‌కు బయోస్ అప్‌డేట్ వద్దు.

డ్రైవర్లు

విండోస్ ఎక్కాక ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. వైఫై డ్రైవర్ లేకున్నా దీంతో నెట్ వస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్ దగ్గర డ్రైవర్ల జాబితా ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు, సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి. మిగిలినవాటికి కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూడండి. విండోస్ 11కు ఏమీ లేకపోతే విండోస్ 10వి, అవీ లేకపోతే 8.1వి, 64 బిట్ చూసి దించండి. చిప్‌సెట్ ముందు, తర్వాత గ్రాఫిక్స్, ఆ తర్వాత మిగతావి.

డివైస్ మేనేజర్‌లో ఇంకా పసుపు గుర్తు ఉందా? దాని మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ అని, కాపీ చేసి పెట్టుకున్న ఫైల్‌రిపాజిటరీ ఫోల్డర్ చూపించండి. సబ్‌ఫోల్డర్ల టిక్ ఉండాలి. అదే వెతుక్కుంటుంది. అదీ కాకపోతే హార్డ్‌వేర్ ఐడీని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్‌లో వెతకండి.

కొన్ని పేర్లు భయపెడతాయి. ఎస్ఎం బస్ కంట్రోలర్ అంటే చిప్‌సెట్ డ్రైవర్ లేదని. పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అంటే ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్. హెచ్‌పీల్లో హెచ్‌పీక్యూ0004 అని కనబడితే అది కింద పడితే హార్డ్‌డిస్కును కాపాడే 3డీ డ్రైవ్‌గార్డ్. ఎస్‌ఎస్‌డీ వేశాక దాంతో పనేం లేదు, వదిలేయండి.

బ్రైట్‌నెస్ మారడం లేదు, తెర గజిబిజిగా ఉందంటే డిస్‌ప్లే కింద మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందేమో చూడండి. రెండో తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌కు విండోస్ 10 కోసం ఇంటెల్ డ్రైవర్ రాయలేదు, పాత దాంతోనే సర్దుకోవాలి. పాత డ్రైవర్‌ను విండోస్ 11 అడ్డుకుంటే కారణం విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ సెట్టింగ్ కావచ్చు. అది ఆపితే డ్రైవర్ ఎక్కుతుంది, భద్రత కొంత తగ్గుతుంది. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో వేస్తామనే ప్యాకులను మాత్రం దగ్గరికి రానీయొద్దు. అవసరం లేని సాఫ్ట్‌వేర్, తప్పు వెర్షన్లు కలిపి దించుతాయి.

వైఫై కార్డే చెడిపోయిందనుకోండి. పాత హెచ్‌పీ, లెనోవోల్లో కొత్త కార్డు వేస్తే బయోస్ ఒప్పుకోక బూట్‌నే ఆపేయవచ్చు. లెనోవోలో 1802, హెచ్‌పీలో 104 అనే నంబర్‌తో చెబుతుంది. యూఎస్‌బీ డాంగిల్ పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

మింట్ అయితే

పెన్‌డ్రైవ్ నుంచే ముందు నడిపి చూడండి, ఇన్‌స్టాల్ చేయకుండా. సౌండ్, టచ్‌ప్యాడ్, కెమెరా, మూత మూసి తెరిస్తే మేలుకోవడం, అన్నీ ఓ అరగంట చూడండి. డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌లోనే (లైనక్స్ మూల భాగంలోనే) ఉంటాయి. బ్రాడ్‌కామ్ వైఫై ఒక్కటే మొండిది. టెథరింగ్ పెట్టి డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ పేరు పక్కన సిఫారసు చేసిన డ్రైవర్ కనబడుతుంది, దాన్ని ఎంచి రీస్టార్ట్ చేయాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఈ డ్రైవర్ లోడ్ కాకపోవచ్చు, బయోస్‌లో ఆపండి. తెలుగు టైపింగ్‌కు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్‌గా తెలుగును కలిపితే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది.

ప్రింటర్ సంగతి చూసుకోకుండా మింట్ వేయొద్దు. జిరాక్స్ షాపుల్లో తరచూ కనబడే కెనాన్ 2900కు లైనక్స్ డ్రైవర్ పెద్ద తలనొప్పి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీ ప్లగిన్ ఒకసారి నెట్ నుంచి దించుకుంటే పని జరుగుతుంది. విండోస్ మీద 2900 వేసేటప్పుడు కేబుల్‌ను ముందే పెట్టొద్దు. ఇన్‌స్టాలర్ అడిగినప్పుడే ప్రింటర్ ఆన్ చేసి గుచ్చండి. లేకపోతే గుర్తు తెలియని పరికరంగా నమోదై, దాన్ని డివైస్ మేనేజర్‌లో తీసేసి మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.