రోబోటిక్‌ ఆపరేషనా, లాపరోస్కోపీనా: ఎలా తేల్చుకోవాలి?

ముందు ఒక అపోహ వదిలేయండి, రోబో తనంతట తాను ఆపరేషన్ చేయదు. సర్జన్ కొంచెం దూరంగా కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదిపితే, పేషెంట్ పక్కనున్న రోబో చేతులు అలాగే కదులుతాయి, అంతే. లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు పెట్టి సర్జన్ తన చేత్తోనే చేసే ఆపరేషన్) అయినా, రోబోటిక్ అయినా పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారు, చిన్న రంధ్రాలే పెడతారు, కాబట్టి "రోబోటిక్ అయితే కోతే ఉండదు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

తేడా అంతా పనిముట్టు కొనలో ఉంది. లాపరోస్కోపీలో వాడేది ఎక్కువగా పొడవాటి గట్టి కడ్డీ, కొన దగ్గర మణికట్టులా వంగదు. రోబోది వంగుతుంది, పైగా సర్జన్‌కి లోపలంతా త్రీడీలో కనిపిస్తుంది. అందుకే ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, ఆ ఇరుకు చోట మూత్రాశయాన్ని మూత్రమార్గానికి కలిపి కుట్టేటప్పుడు బాగా పనికొస్తుంది. అదే మామూలు పిత్తాశయం రాళ్లకైతే? నన్నడిగితే లాపరోస్కోపీ చాలు, రోబోకి అదనంగా కట్టే డబ్బు దండగ.

డాక్టర్‌ని సూటిగా అడగండి: ఈ ఆపరేషన్ ఈ పద్ధతిలో మీరు ఎన్ని చేశారు, మధ్యలో పొట్ట కోయాల్సి వస్తే ఎలా? రోబో చార్జీ విడిగా ఎంతో, ఇన్సూరెన్స్‌లో దానికి పరిమితి ఉందేమో ముందే కనుక్కోండి, డిశ్చార్జ్ రోజు తెలిస్తే టెన్షన్.

తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అయితే మాత్రం ఆగండి. 2018లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో, చిన్న రంధ్రాలతో గర్భాశయం తీసినవాళ్లకంటే పొట్ట కోసి తీసినవాళ్లే ఎక్కువమంది బతికారు; అక్కడ "ఓపెన్ (పొట్ట కోసి చేసే ఆపరేషన్) ఎందుకు వద్దు?" అని తప్పక అడగండి.