బాయిలో ఈత వచ్చు కదా అని పగడాల సముద్రంలోకి దూకకండి

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో చాలామందికి ఈత వ్యవసాయ బాయిలోనే వస్తుంది. నాకూ అంతే, వీపుకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి మా చిన్నాయనే దించాడు. ఆ ధైర్యంతోనే అండమాన్ పోయి, హేవ్‌లాక్ దీవిలోని (ఇప్పుడు దాని పేరు స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్‌కి దిగాం, అంటే కళ్లు, ముక్కు కప్పే మాస్క్, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతూ కింద ఉన్నవి చూడటం. చిన్నప్పుడు బాయి ఒడ్డు మీది నుంచి తలకిందులుగా దూకిన మా బావమరిది, గొట్టంలోకి గుక్కెడు నీళ్లు రాగానే టెన్షన్‌లో మాస్క్ పీకేసుకుని ఉక్కిరిబిక్కిరయ్యాడు, గైడ్ పక్కనే ఉండబట్టి బతికిపోయాడు. ఈత రాక కాదు, ముఖం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి తీసుకునే అలవాటు లేక.

అది ఇక్కడే నేర్చుకుని వెళ్లండి. ఈతొచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని, మాస్క్, గొట్టం తగిలించుకుని, బాయి మెట్టు పట్టుకుని, ముఖం ముంచి పది నిమిషాలు నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకుని వదలండి. తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్లు రానిచ్చి ఒక్కసారి గట్టిగా ఊదండి, పై నుంచి చిమ్ముకుంటూ పోతాయి. మాస్క్‌లోకి నీళ్లొస్తే తల కాస్త పైకెత్తి, మాస్క్ పై అంచును నుదుటికి నొక్కిపట్టి ముక్కుతో ఊదితే కింది నుంచి పోతాయి. మాస్క్ సరిపోయిందో లేదో చూడాలంటే, పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చేయి తీసినా ఊడిపడకూడదు. గుబురు మీసం ఉంటే అక్కడి నుంచే నీళ్లు దూరతాయి, ముక్కు కింద కాస్త కత్తిరించుకోండి. అద్దానికి లోపలి వైపు ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు.

ఒక్క అలవాటు మాత్రం బాయి దగ్గరే వదిలేయండి. ఎవరు ఎక్కువసేపు మునుగుతారో పందెం కట్టి, మునిగే ముందు గబగబా ఊపిరి పీలుస్తాం కదా, దాంతో ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, ఊపిరి కావాలని అనిపించకముందే నీళ్లలో స్పృహ తప్పుతుంది. అసలు బాయిలోనూ ఇది చేయకూడదు, పిల్లలకు చెప్పండి.

బాయి నీళ్లు కదలవు, సముద్రం లాగుతుంది. మనం బోర్లా తేలుతూ చేపల్ని చూస్తుంటే ఎంత దూరం పోయామో తెలియదు, అందుకే రెండు మూడు నిమిషాలకోసారి తలెత్తి ఒడ్డు చూసుకోవాలి. లోపలికి లాగేస్తుంటే ఎదురీదకండి, ఒడ్డు వెంబడి అడ్డంగా ఈదండి, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి. అలసిపోతే తేలుతూ చేయి ఎత్తండి. లైఫ్ జాకెట్ తీయొద్దు, ఒంటరిగా దిగొద్దు, మందు తాగి అసలే దిగొద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ని అడగండి.

పగడాల మీద కాలు పెట్టకండి. అవి రాళ్లు కావు, ప్రాణులు, మనం ఒక్కసారి తొక్కి విరిచింది మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటికి రక్షణ ఉంది, ముక్క తెచ్చుకోవడం కూడా నేరమే. పైగా వాటి మధ్యే అచ్చం రాయిలా కనిపించే స్టోన్ ఫిష్ ఉంటుంది. దాని ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, కాలు ముంచి ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వానాకాలంలో వెళ్లకండి, అలలు ఎక్కువ, నీళ్లూ మసకగా ఉంటాయి. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి, 2010లో హేవ్‌లాక్‌లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. హెచ్చరిక బోర్డు కనబడకపోయినా సరే, లైఫ్‌గార్డ్‌ని అడిగాకే నీళ్లలో కాలు పెట్టండి.