పంపింగ్ 60 శాతం ఉన్నా ఆయాసమా? గుండె గోడ మందం సంగతి చూడండి

సమస్య: మెట్లెక్కితే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఎకో రిపోర్టులో మాత్రం పంపింగ్ 60 శాతం, నార్మల్.

ఇక్కడితో ఆగిపోకండి. గుండె ఎంత బాగా ముడుచుకుంటోందో చెప్పే అంకె అది. సడలి, రక్తంతో నిండడం వేరే పని. రిపోర్టులో ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడ మందం వెతకండి. పెద్దవాళ్లలో 11 మి.మీ. దాటితే మందమైనట్టే. బిగుసుకున్న గోడ సడలకపోతే లోపలి ఒత్తిడి ఎడమ కర్ణికకు (పై గదికి), అక్కడినుంచి ఊపిరితిత్తులకు ఎగదన్నుతుంది. ఎకోలోనే గోడ కదలికను కొలిచే టిష్యూ డాప్లర్‌లో ఇ-ప్రైమ్ (గోడ సడలే వేగం) తగ్గడం, ఎడమ కర్ణిక పెరగడం దీనికి గుర్తులు.

కారణం ఏది?

ఏళ్ల తరబడి బీపీ ఉంటే గోడ సాధారణంగా అన్నివైపులా సమానంగా మందమవుతుంది. బీపీని గట్టిగా అదుపులో పెట్టి, ఉప్పు తగ్గిస్తే మందం కొంత తగ్గుతుంది కూడా.

వేరే కారణమేదీ లేకుండా 15 మి.మీ. లేదా అంతకు మించి, అందులోనూ నడిమి గోడ మందమైతే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీని (గుండె కండరమే మందమయ్యే జబ్బును) అనుమానించాలి. ఇది చాలావరకు వంశపారంపర్యం. తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు ఈసీజీ, ఎకో తీయించాలి. బీటా బ్లాకర్ లేదా వెరపమిల్ గుండె వేగం తగ్గించి, నిండడానికి వ్యవధి ఇస్తాయి. రక్తం బయటికి వెళ్లే దారిలో అడ్డంకి ఉన్నవాళ్లకు నైట్రేట్లు, ఆమ్లోడిపిన్, ఒంట్లో నీరు తగ్గడం చెడు చేస్తాయి.

ఎక్కువగా చూపు తప్పించుకునేది అమిలాయిడ్. ఇందులో పెరిగేది కండరం కాదు, కండరం మధ్య పేరుకున్న ప్రొటీను. అందుకే ఎకోలో గోడ లావుగా ఉన్నా ఈసీజీ గీతలు తరచూ చిన్నవిగా ఉంటాయి. ముందెప్పుడో రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోవడం) ఆపరేషన్ జరగడం, పాత బీపీ మందులకు ఇప్పుడు కళ్లు తిరగడం పెద్ద ఆధారాలు. వీళ్లలో గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తం పెద్దగా పెరగదు, వేగమే ఆదుకుంటుంది. ఇందాక మేలు చేసిన వెరపమిల్ ఇక్కడ ప్రమాదం, బీటా బ్లాకర్ కూడా చాలామందికి పడదు. పైకి రెండూ మందమైన గోడలే కాబట్టి పేరు తేల్చకుండా మందు రాయడం నాకు భయం. రక్తం, మూత్రంలో లైట్ చెయిన్ (అమిలాయిడ్‌గా పేరుకునే ఒక ప్రొటీను) పరీక్షలు, పీవైపీ స్కాన్ (గుండెలో అమిలాయిడ్‌ను చూపే స్కాన్) రెండూ చూడాలి. స్కాన్ ఒక్కటే నమ్మకూడదు, ఎందుకంటే లైట్ చెయిన్ రకంలోనూ అది పాజిటివ్ రావచ్చు. ఆ రకానికి వెంటనే రక్తవ్యాధి నిపుణుల కీమో కావాలి. ట్రాన్స్‌థైరెటిన్ అనే మరో ప్రొటీను పేరుకునే రకానికి టఫామిడిస్ అనే మందు ఉంది.

క్రీడాకారుల గుండె కాస్త మందమైనా చక్కగా సడలుతుంది. సాధన కొన్ని నెలలు ఆపితే మందం తగ్గుతుంది.

ఉన్నట్టుండి ఆయాసం పెరిగి, గుండె లయ తప్పి దడగా కొట్టుకుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు సరిగ్గా ముడుచుకోక అదరడం) కావచ్చు. బిగుసుకున్న జఠరిక కర్ణిక తోపుడు మీదే ఎక్కువ ఆధారపడుతుంది, అది పోగానే రోగి కుదేలవుతాడు. అదే రోజు ఈసీజీ తీయించండి.

నీరు తీసే మాత్రలు వాపు తగ్గిస్తాయి, మోతాదు మించితే జఠరిక నిండక తల తిరుగుతుంది. రోజూ ఉదయం బరువు రాసుకుని, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. స్పృహ తప్పితే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి.