ఇంట్లోనే కుట్టు – 7వ పాఠం: బట్ట కొన్నాక మనసు మారితే

పోయిన పాఠంలో అంబ్రెల్లా లంగాకి కాగితం మీద కొలతలు గీసుకున్నాం. నడుము 24 అంగుళాలు, పొడవు 30. ఈపాటికి బట్ట కొనేసి ఉంటారు. బీరువాలోంచి రెండుసార్లు తీసి చూసుకుని, "ఇది ఈ లంగాకి నప్పుతుందా?" అని అనుమానం కూడా వచ్చి ఉంటుంది. వస్తే మంచిదే. ఇవాళ కత్తెర జోలికి వెళ్లొద్దు.

నాకూ ఒకసారి ఆ అనుమానం వచ్చింది. అయినా కోసేశాను. చెల్లెలి కూతురికని మంగళగిరి కాటన్ మూడున్నర మీటర్లు తెచ్చాను. వంకాయ రంగు, రెండు పక్కలా సన్నటి జరీ అంచు. ఆ అంచు చూసే కొన్నాను. తీరా కుట్టాక చూస్తే లంగాలో అంచే లేదు! ఒకటి పక్క కుట్టులోకి పోయింది, రెండోది ముక్కల సంచీలో తేలింది.

ఎందుకలా అయిందంటే, అంచు బట్ట పొడవునా తిన్నగా వెళ్తుంది. అంబ్రెల్లా లంగా కిందిభాగం గుండ్రంగా తిరుగుతుంది. తిన్నటి అంచు ఆ గుండ్రానికి వంగదు. లెక్క కూడా చూడండి. 24 అంగుళాల నడుము గుండ్రానికి మధ్య నుంచి అంచు వరకు సుమారు 4 అంగుళాలు, పొడవు 30, కలిపి 34. అంటే పూర్తి చుట్టుకి దానికి రెండింతలు, 68 అంగుళాల వెడల్పు కావాలి. మన బట్ట పన్నా (వెడల్పు) 44 అంగుళాలే. అందుకే రెండు అర్ధచక్రాలుగా కోస్తాం. వాటి తిన్నటి వైపు అంచు మీద పడుతుంది, అదే పక్క కుట్టు అవుతుంది.

అదే బట్టని కుచ్చిళ్ల లంగాగా మార్చి చూడండి. బట్టని అడ్డంగా తిప్పి, అంచు కిందికి వచ్చేలా పెట్టాలి. నడుముకి మూడింతలు తీసుకుంటే 72 అంగుళాలు, అంటే రెండు మీటర్లు సరిపోతాయి. పన్నాలో 30 లంగాకి పోగా 14 అంగుళాలు మిగులుతాయి. నడుము పట్టీ అందులోనే వస్తుంది, రెండో అంచు జాకెట్టు చేతులకి వస్తుంది. కింద మడత కూడా అక్కర్లేదు, అంచే గట్టిగా ఉంటుంది. మిగిలిన మీటరున్నరలో జాకెట్టు.

అంచు లేని బట్టయితే వేరే పరీక్ష ఉంది. ముందు గంజి వదిలేలా తడిపి, ఆరబెట్టి ఇస్త్రీ చేయండి. షాపులో గంజి వల్ల నిక్కపొడుచుకున్న బట్ట ఇంటికొచ్చాక మెత్తబడి వేరేలా కనిపిస్తుంది. ఇప్పుడు ఒక మూల పట్టుకుని పైకెత్తండి. మెత్తగా మడతలు పడుతూ జారితే అంబ్రెల్లాకి పనికొస్తుంది. డేరాలా విచ్చుకుని నిలబడితే కుచ్చిళ్లకే. క్రేప్, జార్జెట్ బాగా జారతాయి, కానీ క్రాస్‌లో (దారాలకి ఏటవాలుగా) పడ్డచోట సాగుతాయి. వాటిని కుట్టాక ఒక రాత్రి వేలాడదీసి, కింద సమానంగా కత్తిరించాకే మడత కుట్టాలి.

తడపడానికి ముందు ఇంకో పని. మూలన 10 అంగుళాల చదరానికి నాలుగు వైపులా దారంతో టాకాలు వేయండి (చాక్ గీత నీళ్లలో పోతుంది). ఆరాక కొలవండి. పావు అంగుళం తగ్గితే 30 అంగుళాల లంగా ముప్పావు అంగుళం కురచవుతుంది. నిలువుగా, అడ్డంగా విడివిడిగా కొలవండి, రెండూ ఒకేలా ముడుచుకోవు. తడి బట్టని తెల్ల గుడ్డతో రుద్దితే రంగు సంగతి తెలుస్తుంది. నా వంకాయ రంగు తెల్ల లైనింగ్‌ని లేత ఊదా చేసింది, అది వేరే కథ.

రెండు పరీక్షలూ చేశాక కూడా బట్ట మీద మనసు కుదరకపోతే, దాన్ని జాకెట్టుకో కుర్తీకో పక్కన పెట్టండి. మీటరు లెక్కన కోయించిన బట్టని షాపువాళ్లు మామూలుగా వెనక్కి తీసుకోరు, కానీ మీ బీరువా తీసుకుంటుంది.

వచ్చే పాఠానికి తడిపి ఇస్త్రీ చేసిన బట్ట, టాకాల కొలతలు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకోండి. కుచ్చిళ్లు సమానంగా పట్టడం నేర్చుకుందాం.