అంతోనివారి తొమ్మిది మంగళవారాలు: ఎలా మొదలుపెట్టాలి, మొక్కు ఎలా తీర్చాలి

ఏదో వస్తువు పోయింది, ఇల్లంతా వెతికారు, పక్కింటి క్యాథలిక్ ఆంటీ "పదువాపురి అంతోనివారికి తొమ్మిది మంగళవారాలు మొక్కుకో అమ్మా" అంది. ఇటలీలోని పదువా నగరం పేరుతో పిలిచే ఈ పునీతుణ్ణి (సెయింట్‌ని) పోయిన వస్తువుల కోసం వేడుకోవడం క్యాథలిక్కుల అలవాటు. సరేనని నలుగురిని అడిగితే ఒకరు తొమ్మిది అంటారు, ఒకరు పదమూడు అంటారు, ఇంకొకరు వాట్సాప్‌లో ఏదో ప్రార్థన పంపి ఇరవై మందికి ఫార్వర్డ్ చేయమంటారు. ఆ గందరగోళం నాకూ తప్పలేదు. అందుకే మా ఇంట్లో మూడు తరాలుగా చేస్తున్న పద్ధతిని, దాని వెనకున్న కథతో సహా రాస్తున్నాను. కథ వదిలేసి పద్ధతి ఒక్కటే పట్టుకుంటే అది తాళం తీసే మంత్రంలా తయారవుతుంది.

ముందు పటం సరిచూసుకోండి. శ్రీసభలో, అంటే క్యాథలిక్ చర్చిలో, పేరున్న అంతోనివార్లు ఇద్దరు. తెల్లగడ్డంతో, కొన్ని పటాల్లో పక్కన పందితో కనిపించే పెద్దాయన ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసినవారు, ఆయన పండుగ జనవరి 17న. మనం మొక్కేది కుర్రాడిలా ఉండే ఈయనకి: గోధుమరంగు అంగీ, నడుముకి ముడులు వేసిన తాడు, నున్నగా గొరిగిన నడినెత్తి, చేతిలో లిల్లీ పువ్వు, పుస్తకం, ఆ పుస్తకం మీద బాలయేసు. లిల్లీ, బాలయేసు యేసుని సాకిన తండ్రి జోజప్పగారి పటంలోనూ ఉంటారు కాబట్టి చాలామంది పొరబడతారు. జోజప్పగారికి గడ్డం ఉంటుంది, నడుముకి ఆ ముడుల తాడు ఉండదు.

ఇప్పుడు ఆయన జీవితం. మొదటి మంగళవారం ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఇదే చెప్పండి. పేరు పదువాది గానీ ఊరు పదువా కాదు, పోర్చుగల్‌లోని లిస్బన్. పుట్టింది 1195లో, అమ్మానాన్నలు పెట్టిన పేరు ఫెర్నాండో. బాగా కలిగిన ఇల్లు. చిన్న వయసులోనే అగస్టీను సభ మఠంలో చేరి, తర్వాత కోయింబ్రాలో ఏళ్ల తరబడి బైబిలు చదువుకున్నారు. అలాగే ఉండిపోయేవారేమో. కానీ 1220లో మొరాకోలో ఐదుగురు ఫ్రాన్సిస్కన్ బ్రదర్లు (పునీత ఫ్రాన్సిస్ స్థాపించిన సభవాళ్లు) విశ్వాసం కోసం ప్రాణమిచ్చి వేదసాక్షులైతే, వాళ్ల శరీరాలను ఆ కోయింబ్రాకే తెచ్చారు. అది చూసి ఫెర్నాండో ఉన్న మఠం విడిచి ఫ్రాన్సిస్కన్లలో కలిశారు, అంతోని అని పేరు మార్చుకున్నారు, నేనూ మొరాకో వెళ్లి ప్రాణమిస్తానని ఓడెక్కారు.

అనుకున్నదొకటి, అయ్యిందొకటి. మొరాకోలో దిగగానే జబ్బు చేసింది. తిరిగి వస్తుంటే గాలివానకి ఓడ దారి తప్పి సిసిలీ ఒడ్డుకి కొట్టుకుపోయింది. అక్కణ్ణుంచి ఇటలీ. ఎవరికీ తెలియని కొత్త మనిషి, పైగా నీరసం, మోంతెపావొలో అనే కొండమీది చిన్న ఆశ్రమంలో వేశారు. 1222లో ఫోర్లి ఊళ్లో గురుపట్టాభిషేకం (కొత్త ఫాదర్లకి పట్టమిచ్చే వేడుక) జరుగుతుంటే ప్రసంగం చెప్పేవాళ్లు ఎవరూ సిద్ధంగా లేక, పెద్దలు ఈయన్ని లేచి రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన నోరు తెరిచాక గానీ ఇంత చదువు ఇక్కడ దాక్కుని ఉందని ఎవరికీ తెలియలేదు. పోయిన వస్తువుల పునీతుడి జీవితంలో దారి తప్పిన ఓడే మలుపు కావడం నాకు భలే ఇష్టమైన సంగతి.

వస్తువుల కథ దీని తర్వాతది. అచ్చు యంత్రం లేని కాలం, పుస్తకం అంటే చేత్తో రాసింది, ఖరీదు చెప్పలేం. అంతోనివారి దగ్గర ఒక కీర్తనల గ్రంథం ఉండేది, బ్రదర్లకి పాఠం చెప్పడానికి అందులోనే నోట్స్ రాసుకున్నారు. మఠం వదిలి పారిపోతున్న ఒక కొత్త కుర్రాడు దాన్నీ పట్టుకుపోయాడట. ఈయన ప్రార్థన చేశారు, కుర్రాడు భయపడి పుస్తకం తెచ్చిచ్చాడు, తనూ మఠానికి తిరిగొచ్చాడు. ఇది ఐతిహ్యమే, కాదనను. కానీ కథలో తిరిగొచ్చినవి రెండు, పుస్తకమూ, మనిషీ. మొక్కుకునేవాళ్లు రెండోదాన్ని మర్చిపోతుంటారు.

రిమినిలో జనం వినకపోతే చేపలకు ప్రసంగం చెప్పిన కథ, మూడు రోజులు పస్తున్న కంచరగాడిద మేత వదిలి దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా నమ్మే అప్పం) ముందు మోకరిల్లిన కథ పిల్లలకి తెగ నచ్చుతాయి. పెద్దవాళ్లకి మాత్రం నేను ఇంకోటి చెబుతాను, ఇది ఐతిహ్యం కాదు, చట్టం. పదువాలో అప్పట్లో వడ్డీ వ్యాపారుల పీడ ఎక్కువ, మన కాల్‌మనీ వాళ్లకి తాతలు. బాకీ తీర్చలేనివాణ్ణి జైల్లో వేసేవారు. 1231 మార్చిలో అంతోనివారి మాట మీద పదువా నగరం ఆ పద్ధతి మార్చింది, ఉన్న ఆస్తి అప్పగించినవాణ్ణి ఇక జైల్లో పెట్టకూడదని. అదే ఏడాది జూన్ 13న, ముప్పై ఆరేళ్లు కూడా నిండాయో లేదో, పదువా పక్కన ఆర్చెల్లాలో కన్నుమూశారు. ఏడాది తిరక్కుండానే, 1232 మే 30న, తొమ్మిదో గ్రెగరీ పోపుగారు పునీతుడిగా ప్రకటించారు. 1263లో సమాధి తెరిస్తే శరీరమంతా మట్టయిపోయినా నాలుక మాత్రం చెడకుండా ఉందని చెబుతారు. ఆ నాలుకని ఆయన సమాధి ఉన్న పెద్ద గుడి, పదువా బసిలికాలో ఇప్పటికీ చూపిస్తారు. అక్కడికి వెళ్లినవాళ్లు సమాధి రాతి మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడతారు, పక్కన ఫొటోలు, ఉత్తరాలు పెట్టి వస్తారు.

ఇక లెక్క. మంగళవారమే ఎందుకంటే ఆయన్ని సమాధి చేసింది 1231 జూన్ 17, మంగళవారం. తొమ్మిది వారాల పద్ధతి ముందుది, చనిపోయిన తేదీని బట్టి పదమూడు వారాలది తర్వాత వచ్చింది. ఏదైనా ఒకటే, మీరు నిలబెట్టుకోగలిగింది ఎంచుకోండి. పండుగకి పూర్తికావాలంటే తొమ్మిదికి ఏప్రిల్ 12–18 మధ్య వచ్చే మంగళవారం, పదమూడుకి మార్చి 15–21 మధ్య వచ్చేది మొదలు. అవసరానికి మొక్కుకుంటే ఏ మంగళవారమైనా పర్వాలేదు. అన్నట్టు, మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదు, డబ్బు చేయి దాటకూడదు అని మనవైపు పెద్దలు అంటారు కదా, మా అమ్మ కూడా అనేది. ఆ పట్టింపు ఈ ఒక్క విషయంలో పక్కన పెట్టేది.

ఆ రోజు చేయాల్సింది ఇరవై నిమిషాల పని. పటం దగ్గర కొవ్వొత్తి, లిల్లీ దొరక్కపోతే ఏ తెల్లపువ్వైనా సరే. సిలువ గుర్తు వేసుకుని, ఏం పోయిందో, ఏం కావాలో మీ మాటల్లో చెప్పండి, పుస్తకం భాష అక్కర్లేదు. సువిశేషంలో చిన్న భాగం చదవండి, తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం ఉన్న లూకా 15వ అధ్యాయం దీనికి అతికినట్టు సరిపోతుంది. తర్వాత ఆయన జీవితంలోంచి ఒక్క సంఘటన. మా ఇంట్లో అది వంతులవారీగా పిల్లలే చెబుతారు, చేపల కథ మూడుసార్లు వస్తుంది, రానివ్వండి. ఆపైన పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం మూడేసి సార్లు. వీలైతే ఆ రోజు గుళ్లో పూజకి (మాస్‌కి) వెళ్లి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి, నిజానికి ముఖ్యమైంది అదే. ఒక వారం జ్వరమో, ప్రయాణమో అడ్డొస్తే టెన్షన్ పడి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టక్కర్లేదు, వచ్చే వారం కొనసాగించండి.

పునీతుణ్ణి పూజిస్తారా అని వేరే సంఘం చుట్టాలెవరైనా అడిగితే గొడవకి దిగకండి. ఆరాధన దేవుడికి, పునీతుడికి గౌరవం, మన తరఫున దేవుణ్ణి అడగమని ఆయనకి విన్నపం, అంతే.

అసలు సంగతి రొట్టె. చాలామంది వదిలేసేదీ ఇదే. పదువాలో బసిలికా కడుతున్న రోజుల్లో దగ్గర్లో ఉండే తోమ్మసీనో అనే పసివాడు నీళ్లలో పడి చనిపోయాడని, బిడ్డ బతికితే వాడి బరువంత ధాన్యం పేదలకి ఇస్తానని తల్లి అంతోనివారికి మొక్కుకుంటే లేచాడని కథ. మన తులాభారం లాంటిదే, కాకపోతే ధాన్యం గుడికి కాదు, పేదలకి. 1890లో ఫ్రాన్సులోని తూలోన్‌లో ఒక కొట్టు యజమానురాలు తాళం ఎంతకీ రాక, తలుపు పగలగొట్టకుండా తెరుచుకుంటే పేదలకి రొట్టెలిస్తానని మొక్కుకుంది, అక్కణ్ణుంచి ఆ అలవాటు గుళ్లలో 'అంతోనివారి రొట్టె' పెట్టెలుగా లోకమంతా పాకింది.

మా అమ్మమ్మకి ఈ ఊళ్ల పేర్లేవీ తెలియవు. ఓసారి బియ్యం చెరుగుతుంటే ముక్కుపుడక జారిపోయింది. వెంటనే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టి పటం వెనక దోపింది, "పది రొట్టెలు, అంతోనయ్యా" అంది. తొమ్మిది వారాలయ్యాయి, దొరకలేదు. అయినా పది రొట్టెలు కొని బస్టాండు దగ్గర అడుక్కునేవాళ్లకి పంచి వచ్చింది. "దొరకలేదుగా?" అన్నాను. "ఆకలి వాళ్లది, పుడక నాది, రెంటికీ లంకె ఏంట్రా" అంది. పుడక ఇప్పటికీ దొరకలేదు.

కాబట్టి రొట్టెల సంఖ్య మొదటి వారమే అనుకోండి, పని అయినా కాకపోయినా ఇవ్వండి. దీనికి ముందు మాత్రం వెతకడం మానకండి. బీరువా వెనక, సోఫా సందుల్లో, నిన్న వేసుకున్న బట్టల జేబుల్లో చూడకుండా కొవ్వొత్తి వెలిగించి కూర్చుంటే ఆయనకీ నవ్వొస్తుంది. ఫోను పోతే ముందు సిమ్ బ్లాక్ చేయించాలి, మొక్కు సాయంత్రం.

పెళ్లి సంబంధాల కోసం బ్రెజిల్లో అమ్మాయిలు ఆయన స్వరూపాన్ని తలకిందులుగా పెడతారని, వరుడు దొరికేదాకా తిప్పరని ఎక్కడో చదివి మన పిల్లలూ సరదాపడుతున్నారు. అది అక్కడి జానపదం, ప్రార్థనలో భాగం కాదు, వద్దు. లిస్బన్ వాళ్ల పద్ధతి నాకు ముచ్చటేస్తుంది: జూన్ 12 రాత్రి వీధుల్లో సార్డీన్ చేపలు కాలుస్తూ, మన తులసి జాతిదే ఒక చిన్న మొక్కని కుండీలో పెట్టి, దానికి కాగితం పువ్వు, ఓ ప్రేమ పద్యం గుచ్చి ఇష్టమైనవాళ్లకి ఇస్తారు. ఇక ఫార్వర్డ్ చేయకపోతే కీడు జరుగుతుందనే మెసేజులు చూడగానే డిలీట్ చేసేయండి.

జూన్ 13న అంతోనివారి పేరున్న గుళ్లలో పూజ తర్వాత రొట్టెలు ఆశీర్వదించి పంచడం మామూలే. మీవి కూడా తీసుకెళ్తానని ముందే ఫాదర్ గారితో ఓ మాట అనండి. ఆశీర్వదించినవి ఒకటో రెండో ఇంటికి తెచ్చుకుని మిగతావన్నీ అవసరమున్నవాళ్లకే చేరేలా చూడండి. బన్నులు ముందు రోజే బేకరీలో చెప్పి పెట్టుకోవాలి, పొద్దున్నే ఒకేసారి యాభై అడిగితే ఉండవు.