మిర్చి బిల్లు ప్రోగ్రాముకు టెస్టులు, కవరేజ్

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమిషన్ కొట్టుకు బిల్లులు వేసే చిన్న పైథాన్ ప్రోగ్రాము ఉందనుకుందాం. దానికి టెస్టులు రాసి, అవి కోడులో ఎంత శాతం లైన్లను నడిపాయో (దీన్నే కవరేజ్ అంటారు) చూద్దాం. కోడు ‘బిల్లు’ ఫోల్డర్లో, టెస్టులు ‘టెస్ట్స్’ ఫోల్డర్లో పెట్టండి. టెస్టు ఫైలు పేరు, అందులోని ఫంక్షన్ పేరు రెండూ ‘టెస్ట్_’తో మొదలయ్యేలా పెట్టండి. పేరును బట్టి టెస్టులను గుర్తుపట్టలేకపోతే పైటెస్ట్ (టెస్టులు నడిపే టూలు) ‘కలెక్టెడ్ 0 ఐటమ్స్’ అని చెప్పి ఊరుకుంటుంది.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ సెటప్) ఆన్ చేసి ఇవి కొట్టండి (టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే లెండి):

పిప్ ఇన్‌స్టాల్ పైటెస్ట్ పైటెస్ట్-కవ్

పైథాన్ -ఎం పైటెస్ట్ --కవ్=బిల్లు --కవ్-రిపోర్ట్=టర్మ్-మిస్సింగ్

ఉత్త ‘పైటెస్ట్’ అని కొడితే ఒక్కోసారి మాడ్యూల్ దొరకలేదంటుంది. ‘పైథాన్ -ఎం’ అంటే మీరున్న ఫోల్డర్లో కూడా వెతుకుతుంది. రిపోర్టులో శాతం కంటే ముందు ‘మిస్సింగ్’ కాలమ్ చూడండి. ఏ టెస్టూ తాకని లైన్ల నంబర్లు అక్కడుంటాయి.

100 శాతం వచ్చినా సంబరపడిపోకండి. ఈ ఫంక్షన్ చూడండి:

ఇఫ్ తాలు:
    రేటు = తాలు_రేటు
రిటర్న్ కిలోలు * రేటు / 100

42 కిలోల తాలు (నాసిరకం కాయ) టిక్కీ, అంటే బస్తా, క్వింటా 8,000. జవాబు 3,360 రావాలని ఒకే టెస్టు రాస్తే మూడు లైన్లూ నడుస్తాయి, కవరేజ్ నిండుగా కనబడుతుంది. కానీ యార్డుకు ఎక్కువగా వచ్చేది మంచి కాయ. ఆ దారిని ఎవరూ పరీక్షించనే లేదు! కమాండ్ చివర ‘--కవ్-బ్రాంచ్’ చేర్చండి. అప్పుడు ‘ఇఫ్’ నుంచి నేరుగా ‘రిటర్న్’కి దూకే దారి నడవలేదని బాణం గుర్తుతో చూపిస్తుంది. 15,000 రేటుకు 6,300 రావాలని మంచి కాయకు ఇంకో టెస్టు రాస్తే ఆ బాణం గుర్తు పోతుంది.

ఇది కూడా పట్టుకోలేనిది ఒకటుంది. ఫంక్షన్‌ని పిలిచి ‘అసర్ట్’ (జవాబు సరిపోయిందో లేదో చూసే లైను) రాయకుండా వదిలేసినా ఆ లైన్లు కవరైనట్టే లెక్క. అలాంటి టెస్టు దండగ. పైసలతో వచ్చే లెక్కలకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) వద్దు, డెసిమల్ (దశాంశాలను ఉన్నవున్నట్టు లెక్కించే రకం) వాడండి. ఫ్లోట్‌లో 0.1 + 0.2 సరిగ్గా 0.3 కాదు, అసర్ట్ ఫెయిలవుతుంది.

‘నో డేటా వాజ్ కలెక్టెడ్’ అని వస్తే ‘--కవ్=’ తర్వాతి పేరు తప్పేమో చూడండి.

పాత ప్రాజెక్టుకు మొదటిరోజే కనీస కవరేజ్ 90 శాతం అని పెట్టి టీమును ఏడిపించొద్దు. ఇప్పుడు 62 ఉంటే ‘--కవ్-ఫెయిల్-అండర్=62’ పెట్టి, పెరిగేకొద్దీ జరుపుకుంటూ పోండి. డీబగ్గర్ బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగకపోతే ఆ ఒక్క రన్‌కి కవరేజ్ ఆపేసే ‘--నో-కవ్’ ఇవ్వండి.