మౌస్‌ను మచ్చిక చేసుకుందాం – మూడో పాఠం: తడబడే డబుల్ క్లిక్

గత పాఠంలో బాణం గుర్తు వేగం సరిచేసుకున్నాం. ఆ వేగంతో రెండు రోజులు పనిచేసి చూడమన్నాను. ఇంకా చూడనివారు ముందు ఆ పని పూర్తి చేయండి. ఒక మార్పుకు చేయి అలవాటు పడకముందే ఇంకొకటి చేస్తే, దేనివల్ల బాగుపడిందో దేనివల్ల చెడిందో తేలదు.

ఈ పాఠానికి కారణం విశాఖపట్నం పెదవాల్తేరులో మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉండే పెద్దాయన. ఓడరేవులో పనిచేసి రిటైరయ్యారు. మనవరాలి పెళ్లి ఫొటోలు చూసుకోవడానికి కంప్యూటర్ కొనుక్కున్నారు. "ఫొటో తెరుద్దామంటే దాని పేరు నీలంగా మారి కూర్చుంటోంది బాబూ. నా చేతికే వయసు మీద పడినట్టుంది" అన్నారు.

పక్కన కూర్చుని ఆయన వేలినే గమనించాను. ఒకసారి నొక్కి, వేలిని బటన్ మీద నుంచి పూర్తిగా పైకెత్తి, మళ్లీ జాగ్రత్తగా దించుతున్నారు. చిక్కంతా ఆ పైకెత్తడంలోనే ఉంది. ఫైలు తెరవడానికి వెంటవెంటనే రెండుసార్లు నొక్కడాన్నే డబుల్ క్లిక్ అంటారు. విండోస్‌లో మామూలుగా రెండు నొక్కుల మధ్య 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను మాత్రమే గడువు. అది దాటితే కంప్యూటర్ వాటిని రెండు విడి నొక్కులుగా లెక్కేస్తుంది. మొదటిది ఫైలును ఎంచుకుంటుంది, పేరు మీద పడిన రెండోది పేరు మార్చమన్న ఆజ్ఞ అవుతుంది. నీలం రంగు అందుకే వస్తుంది. అప్పుడు కంగారు పడి ఏమీ టైపు చేయకండి. ఎస్కేప్ మీట నొక్కితే పాత పేరు అలాగే ఉంటుంది.

"తప్పు మీ చేతిది కాదు బాబాయిగారూ, గడువు మీకు సరిపోవడం లేదంతే" అని చెప్పి ఇలా మార్చాం. మీరూ చేయండి. విండోస్ సెట్టింగులుండే కంట్రోల్ ప్యానెల్ తెరిచి, పైనున్న వెతికే గడిలో ఇంగ్లీషులో mouse అని టైపు చేసి, వచ్చిన మౌస్ అనే పేరు మీద నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'బటన్స్' పుటలో 'డబుల్ క్లిక్ స్పీడ్' అనే జారుడు మీట, పక్కనే ఒక ఫోల్డర్ బొమ్మ ఉంటాయి. మీటను 'స్లో' వైపు కొద్దిగా జరిపి, ఆ బొమ్మ మీద మీ సహజమైన వేగంతో రెండుసార్లు నొక్కండి. ఫోల్డర్ తెరుచుకుంటే గడువు సరిపోయినట్టే. తెరుచుకోకపోతే మరికాస్త జరపండి. చివరిదాకా జరిపితే గడువు 900 మిల్లీసెకన్లవుతుంది. అవసరం లేకుండా అంతదాకా వెళ్లకండి. గడువు మరీ పెరిగితే, విడివిడిగా నొక్కిన రెండు నొక్కులు కూడా కలిసిపోయి వద్దన్న ఫైళ్లు తెరుచుకుంటాయి. బాబాయిగారికి సగానికి కొంచెం ఎడమగా సరిపోయింది.

గడువు పెంచినా కుదరకపోతే చేతి వణుకు కారణం కావచ్చు. బటన్ నొక్కి ఉంచి నాలుగైదు పిక్సెళ్లు (తెర మీది చిన్న చుక్కలు) కదిలినా విండోస్ దాన్ని లాగడంగా భావిస్తుంది. అలా జారి పక్క ఫోల్డర్ మీద వదిలితే ఫైలు వెళ్లి అందులో పడుతుంది. చాలామంది "ఫైలు మాయమైంది" అనేది దీన్నే. వెంటనే కంట్రోల్, జెడ్ మీటలు కలిపి నొక్కితే వెనక్కి వస్తుంది. వణుకు ఉన్నవారికి నా సలహా డబుల్ క్లిక్‌నే మానేయడం. కంట్రోల్ ప్యానెల్‌లోనే 'ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్' తెరిచి, ఒక్క నొక్కుతో తెరుచుకునే పద్ధతిని ఎంచుకోండి. బాణాన్ని ఫైలు మీద కాసేపు నిలిపితే చాలు, అది ఎంపికవుతుంది. మొదట వింతగా ఉంటుంది కానీ చేతికి ఎంతో హాయి.

ఇక దీనికి తలకిందులైన జబ్బు ఒకటుంది: ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు కావడం. దీనికి పై సెట్టింగులు మందు కావు. బటన్ కింద స్విచ్చిలోని సన్నని లోహపు రేకు అరిగినా, తుప్పు పట్టినా ఇలా జరుగుతుంది. సముద్రపు గాలి కిటికీ చువ్వలనే తినేసే మన ఊళ్లో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ముందు అదే మౌస్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి చూడండి. అక్కడా అలాగే చేస్తే లోపం మౌస్‌దే. కొత్తది కొనేదాకా, ఆటోహాట్‌కీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో చిన్న స్క్రిప్టు (కంప్యూటర్‌కు ఇచ్చే ఆజ్ఞల వరుస) రాసి, 80 మిల్లీసెకన్లలోపు వచ్చే రెండో నొక్కును లెక్కచేయవద్దని చెప్పవచ్చు. మనిషి వేలు అంత త్వరగా రెండోసారి నొక్కడం అరుదు కాబట్టి అసలు నొక్కులకు ఇబ్బంది ఉండదు. ఆ స్క్రిప్టును వరుసవారీగా ఐదో పాఠంలో రాద్దాం.

ఈ వారం అభ్యాసం: జారుడు మీట ఇప్పుడు ఎక్కడుందో ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. తర్వాత మీ వేలికి తగిన చోటు వెతకండి. నాలుగో పాఠంలో స్క్రోల్ చక్రం సంగతి చూద్దాం.